పాటకు సౌండ్ ఎంత పెట్టాలి? ఇంటి స్టూడియోలో మాస్టరింగ్, మొదటి నుంచి చివరి దాకా

మాస్టరింగ్, అంటే మిక్స్ అయిన పాటకి విడుదల ముందు చివరి సర్దుబాటు, చేసేవాళ్ళకి తరచుగా వచ్చే ఫోన్ ఇది: "అన్నా, పాట బాగుంది గానీ, వేరేవాళ్ళ పాటల పక్కన పెడితే సౌండ్ తక్కువ వస్తోంది." అప్పుడు చాలామంది ప్రాజెక్ట్ మళ్ళీ తెరిచి, లిమిటర్‌లో (సౌండ్ హద్దు దాటకుండా నొక్కిపట్టే ప్లగిన్) ఇంకో మూడు డీబీ (డెసిబెల్స్) తోసి పంపేస్తారు. అవతలివాళ్ళు ఆ పూటకి సంతోషిస్తారు. పాటలో డప్పు మాత్రం చచ్చిపోతుంది. యూట్యూబ్‌లో పెట్టాక చూస్తే, పెంచిన సౌండ్‌ని యూట్యూబే తగ్గించేసి ఉంటుంది.

పాట గట్టిగా వినిపించడం అనేది చాలావరకు మిక్స్‌లోనే తేలిపోతుంది. లిమిటర్ వల్ల అయ్యేది చివరి కాస్తే. దీన్ని నమ్మకపోయినా ఫర్వాలేదు, కింద చెప్పినట్టు చేసి చూస్తే మీ చెవికే తెలుస్తుంది. ఉదాహరణకి ఒక తెలంగాణ జానపదం తీసుకుందాం. మొదట్లో ఒక్క ఆడగొంతుతో సాకీ, తర్వాత డప్పు, తాళాలు, కీబోర్డ్ మీద బేస్, చరణాల చివర కోరస్. వీణ కీర్తనకో, మెలొడీకో తేడా వచ్చే చోట ఆ మాట విడిగా చెబుతాను.

ముందు రెండు కొలతలు

డిజిటల్ ఆడియోకి పైకప్పు సున్నా డీబీ. దాన్ని దాటబోతే తరంగం తల తెగి సౌండ్ పగులుతుంది. పీక్ మీటర్ ఈ కప్పుకి మనం ఎంత దూరంలో ఉన్నామో మాత్రమే చెబుతుంది. చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పదు. డప్పు మీద పడే ఒక్క సిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బ మైనస్ 1 దాకా వెళ్ళొచ్చు, అది ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. అదే పీక్‌తో నిరంతరంగా మోగే సింథ్ ప్యాడ్ దానికంటే ఎంతో గట్టిగా వినిపిస్తుంది. మీటర్‌లో రెండూ ఒకే చోట ఉంటాయి.

చెవికి దగ్గరగా ఉండే కొలత కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్ 1770 అనే పద్ధతిని తెచ్చింది. అందులో వాడే యూనిట్‌నే లఫ్స్ అంటాం. మైనస్ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే పాట అంత గట్టి. కొలిచే ముందు అది ఒక ఫిల్టర్ వేస్తుంది: సుమారు 2 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదానికి నాలుగు డీబీ దాకా ఎక్కువ విలువ, బాగా అడుగు బేస్‌కి తక్కువ విలువ. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, మిక్స్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

మీటర్‌లో మూడు అంకెలు కనిపిస్తాయి. మొమెంటరీ 400 మిల్లీసెకన్ల సగటు, షార్ట్ టర్మ్ 3 సెకన్ల సగటు, ఇంటిగ్రేటెడ్ మొత్తం పాట సగటు. ఇంటిగ్రేటెడ్‌లో ఒక గేటు కూడా ఉంటుంది. మైనస్ 70 కంటే కిందిది నిశ్శబ్దంగా లెక్క. దాన్ని తీసేశాక వచ్చిన సగటు కంటే 10 యూనిట్లు కింద ఉన్న భాగాలనూ వదిలేస్తుంది. మన పాటలో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. సాకీ గనక పల్లవి కంటే 6 యూనిట్లు మెల్లగా ఉంటే గేటులో పోదు, సగటులో కలిసి మొత్తం అంకెను కిందికి లాగుతుంది. మరీ మెల్లగా, తంబురా ఒక్కటే వినిపించేలా ఉంటే అసలు లెక్కలోకే రాదు. కాబట్టి ఇంటిగ్రేటెడ్ ఒక్కటే చూసి నిర్ణయాలు తీసుకోకండి. డప్పు, కోరస్ కలిసి మోగే చోట షార్ట్ టర్మ్ ఎంత ఉందో చూడండి.

మీటర్ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. రీపర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి రెండర్ చేసేటప్పుడే లెక్క వచ్చేస్తుంది.

ప్లాట్‌ఫామ్ మీ పాటని ఏం చేస్తుంది

సీడీలు 1982లో వచ్చాయి, ముందు తరంగాన్ని చూసి పీక్‌ని పట్టే లిమిటర్ ప్లగిన్‌లు 1994 నుంచి. ఆ తర్వాత ఒకరిని మించి ఒకరు సౌండ్ పెంచుకుంటూ పోయారు. 2008లో మెటాలికా రాక్ బ్యాండ్ ఆల్బమ్ ఒకటి ఎంత నలిగిపోయి వచ్చిందంటే, అవే పాటలు వీడియో గేమ్‌లో నలగకుండా ఉన్నాయని అభిమానులే పోల్చి చూపించారు. 2010లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ టీవీ, రేడియోలకి మైనస్ 23 లఫ్స్ అని నిర్ణయించింది. తర్వాత స్ట్రీమింగ్ కంపెనీలూ అదే బాట పట్టాయి.

ఇప్పుడు స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14కి సర్దుతుంది. వినేవాళ్ళు 'లౌడ్' పెట్టుకుంటే మైనస్ 11, 'క్వైట్' పెట్టుకుంటే మైనస్ 19. ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్‌లో ఉంటే మైనస్ 16 దగ్గర. యూట్యూబ్ కూడా మైనస్ 14 చుట్టుపక్కలే, కాకపోతే అది ఎక్కువ ఉన్నదాన్ని తగ్గిస్తుందే గానీ తక్కువ ఉన్నదాన్ని పెంచదు. స్పాటిఫై పెంచుతుంది, పైన ఒక డీబీ ఖాళీ ఉన్నంత మేరకే. మీ కీర్తన మైనస్ 20 దగ్గర ఉండి పీక్ మైనస్ 5 ఉంటే నాలుగు డీబీ పెంచి మైనస్ 16 దగ్గర ఆగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒకే జానపదానికి రెండు మాస్టర్లు చేశారనుకోండి. మొదటిది మైనస్ 8 లఫ్స్, రెండోది మైనస్ 14. రెండింటికీ పీక్ మైనస్ 1. స్పాటిఫైలో మొదటిదాన్ని ఆరు డీబీ తగ్గిస్తారు. గొంతు రెండింట్లోనూ ఇంచుమించు ఒకే స్థాయిలో వినిపిస్తుంది. డప్పు దెబ్బ మాత్రం మొదటిదాంట్లో మైనస్ 7 దగ్గర ఆగిపోతే, రెండోదాంట్లో మైనస్ 1 దాకా లేస్తుంది. గట్టిగా చేద్దామని కష్టపడిన పాటలోనే దెబ్బ మెత్తబడింది.

అలాగని మైనస్ 14నే లక్ష్యంగా పెట్టుకోమని నేను అనను. మన దగ్గర పాట స్పాటిఫైలోనే బతకదు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కి కారులో, ట్రాక్టర్‌లో, బరాత్‌లో డీజే బాక్సుల మీద మోగుతుంది. వాట్సాప్‌లో తిరుగుతుంది. అక్కడ సర్దేవాడు ఎవడూ లేడు. మైనస్ 14లో ఉన్న డీజే పాటని బరాత్‌లో వేస్తే, ముందు పాట అయిపోగానే ఊపు పడిపోతుంది. రెండు చోట్లా నిలబడేలా మధ్యలో ఎక్కడ ఆగాలన్నదే అసలు పని.

అడుగు 1: వినే వాల్యూమ్ కదలకుండా పెట్టుకోండి

చాలామంది దాటేసే అడుగు ఇది. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైంది. వాల్యూమ్ పెరిగితే బేస్, ట్రెబుల్ రెండూ చెవికి నిండుగా అనిపిస్తాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసిన గ్రాఫ్‌లు చెప్పింది అదే. అంటే సౌండ్ పెంచిన ప్రతిసారీ "బాగైంది" అనే అనిపిస్తుంది, పాట పాడైనా సరే.

అందుకని పింక్ నాయిస్ (టెస్ట్ కోసం వాడే ఒకే తీరు హోరు) ఫైల్‌ని మైనస్ 20 డీబీ ఆర్‌ఎంఎస్ (సగటు స్థాయి) దగ్గర ప్లే చేసి, ఒక్క స్పీకర్ మాత్రమే ఆన్ చేసి, మీరు కూర్చునే చోట ఫోన్‌లో సౌండ్ లెవల్ యాప్ పెట్టండి. పెద్ద స్టూడియోల్లో 83 డీబీ పెడతారు. పడకగది సైజు గదికి 73 నుంచి 76 చాలు. యాప్ ఒకటి రెండు డీబీ అటూ ఇటూ చూపించినా ఇబ్బంది లేదు. ఆ పాయింట్ దగ్గర ఇంటర్‌ఫేస్ నాబ్ మీద చిన్న టేపు ముక్క అంటించండి. మాస్టరింగ్ అయ్యేదాకా నాబ్ అక్కడే ఉండాలి. హెడ్‌ఫోన్స్ మీద చేసేవాళ్ళు తెలిసిన పాట ఒకటి పెట్టి, హాయిగా ఉన్న చోట గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

అడుగు 2: మిక్స్‌లోనే చోటు చేయండి

మాస్టర్ ఛానల్ మీద ఉన్న లిమిటర్ తీసేయండి. పీక్‌లు మైనస్ 3కీ మైనస్ 6కీ మధ్య ఉంటే చాలు, దానికి పెద్ద శాస్త్రం లేదు. 24 బిట్‌లోనో 32 బిట్ ఫ్లోట్‌లోనో పనిచేయండి.

ఇప్పుడు అడుగు బేస్ సంగతి. లఫ్స్ కొలతలో దానికి విలువ తక్కువని చెప్పుకున్నాం. కానీ పీక్‌లో అది తినే చోటు ఎక్కువ. కీబోర్డ్ బేస్‌లో 35 హెర్ట్జ్ కింద ఉన్న సౌండ్ ఫోన్‌లో రాదు, చాలా కార్ స్పీకర్లలో సరిగా రాదు, కానీ లిమిటర్‌ని మాత్రం తొక్కుతూనే ఉంటుంది. దాన్ని కోసేయండి. గొంతు మైక్‌లో 80 హెర్ట్జ్ కింద ఉండేది ఫ్యాన్ హోరు, స్టాండ్ కదలికే. అదీ కోసేయండి. ఇంతమాత్రానికే ఒకటి రెండు డీబీ ఊరికే కలిసొస్తుంది.

డప్పు మోత, బేస్ నోటు ఒకే చోట ఢీకొంటుంటాయి. డప్పు అడుగు ఎక్కడుందో అనలైజర్‌లో చూడండి. బేస్‌లో అదే చోట రెండు మూడు డీబీ తగ్గించండి. లేదా డప్పు పడినప్పుడల్లా బేస్ కొంచెం తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టండి. ఫోన్‌లో బేస్ వినపడటం లేదంటే ఫేడర్ పెంచితే లాభం లేదు, ఫోన్ స్పీకర్‌కి ఆ కింది సౌండ్ పలకదు. కాస్త శాచురేషన్ (సన్నటి డిస్టార్షన్) వేయండి. పైన పుట్టే హార్మోనిక్స్ ఫోన్‌లో వినిపిస్తాయి, చెవి మిగతా బేస్‌ని ఊహించుకుంటుంది.

తర్వాత డప్పు ట్రాక్‌లో వేవ్‌ఫార్మ్ పెద్దది చేసి చూడండి. నాలుగైదు దెబ్బలు మిగతావాటి కంటే పొడుగ్గా ముళ్ళలా లేచి ఉంటాయి. మొత్తం పాట మీద పెట్టే లిమిటర్ ఈ నాలుగైదు ముళ్ళ కోసమే గొంతును కూడా నొక్కుతుంది. అందుకే డప్పు ట్రాక్ మీదే సాఫ్ట్ క్లిప్పర్ పెట్టి, ఆ ముళ్ళను రెండు మూడు డీబీ అక్కడే కోసేయాలి. చాలా దెబ్బల్లో తేడా వినపడదు. మృదంగానికి ఇలా చేయకండి. చాపు దెబ్బలో ఉన్న నాదం క్లిప్పర్‌లో గరగరలాడుతుంది. అక్కడ ఆ దెబ్బ ఉన్న ఆడియో ముక్క గెయిన్‌ని చేత్తో తగ్గించుకోవడమే మేలు.

అడుగు 3: పోల్చడానికి ఒక పాట

అదే తరహా పాట, మీకు సౌండ్ నచ్చినది ఒకటి తెచ్చుకోండి. యూట్యూబ్ నుంచి దింపిన ఫైల్ వద్దు, వీలైతే కొన్న ఫైల్. దాన్ని ప్రాజెక్ట్‌లో పెట్టి, షార్ట్ టర్మ్ లఫ్స్ మీ మిక్స్‌తో సమానమయ్యేదాకా దాని ఫేడర్ తగ్గించండి. సమానం చేయకుండా పోలిస్తే ఎప్పుడూ అవతలి పాటే గెలుస్తుంది. సమానం చేశాక కూడా మీది మూసుకుపోయినట్టు ఉంటే అది సౌండ్ సమస్య కాదు, ఈక్యూ (బేస్ నుంచి ట్రెబుల్ దాకా ఏది ఎంత ఉండాలో సర్దడం) సమస్య. గొంతు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య వెనకబడి ఉందేమో చూడండి. అక్కడ ఒక్క డీబీ పెంచినా గొంతు ముందుకొస్తుంది. అతిగా పెంచితే ఆడగొంతు గుచ్చుకుంటుంది.

అడుగు 4: మాస్టర్ ఛానల్

వరుస మామూలే: ఈక్యూ, కంప్రెసర్, క్లిప్పర్, లిమిటర్. ఈక్యూలో ఒకటి రెండు డీబీ దాటి కదపాల్సి వస్తే మిక్స్‌కి వెనక్కి వెళ్ళండి. కంప్రెసర్ (గట్టి చోట్లని కాస్త తగ్గించేది) నిష్పత్తి 1.5కి 1, గెయిన్ రిడక్షన్ (అది తగ్గించే మొత్తం) ఒకటి రెండు డీబీ. అటాక్ (నొక్కడం మొదలెట్టడానికి పట్టే టైమ్) 30 మిల్లీసెకన్లు అలా ఉంచితే డప్పు మొదటి దెబ్బ తప్పించుకుని పోతుంది.

లిమిటర్ దగ్గర నిదానం కావాలి. సీలింగ్ (లిమిటర్ దాటనివ్వని హద్దు) మైనస్ 1, ట్రూ పీక్ ఆన్ (అదేంటో అడుగు 6లో చెబుతాను). పాటలో అన్నిటికంటే గట్టిగా ఉన్న ఎనిమిది పది సెకన్లు లూప్ చేయండి, మన పాటలో చివరి కోరస్. ఇన్‌పుట్ గెయిన్ మెల్లగా పెంచుతూ పోండి. అదే సమయంలో ఎంత పెంచారో అంత ఔట్‌పుట్‌లో తగ్గేలా గెయిన్ మ్యాచ్ బటన్ నొక్కి ఉంచండి. అది లేని లిమిటర్ అయితే వెనకాల ఒక గెయిన్ ప్లగిన్ పెట్టి తగ్గించుకోండి. ఇలా చేస్తే సౌండ్ పెరిగిన మైకం ఉండదు, జరిగే నష్టం మాత్రమే వినిపిస్తుంది.

ఏం వినాలంటే: సిర్ర దెబ్బలో "టప్" అనే అంచు పోయి "దబ్" అని మెత్తగా రావడం. డప్పు పడిన ప్రతిసారీ గొంతు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రావడం. స, శ, ష అక్షరాల దగ్గర ఇసుక రాసినట్టు చప్పుడు. బేస్ నోటు సాగినప్పుడు సన్నటి జుమ్మనే రొద. ఇంకొకటి ఉంది, ఇది మీటర్‌లో ఎప్పటికీ దొరకదు: సాకీ అయిపోయి డప్పు దిగినప్పుడు ఒళ్ళు జలదరించాలి. లిమిటర్ ఎక్కువైతే సాకీ పైకొచ్చేస్తుంది, డప్పు అక్కడే ఆగిపోతుంది. పాటలో ఎగుడుదిగుడు పోయి అంతా ఒకటే మోత అవుతుంది.

వీటిలో ఏ ఒక్కటి వినిపించినా ఒకటిన్నర డీబీ వెనక్కి రండి. మామూలుగా గెయిన్ రిడక్షన్ గట్టి చోట్ల మూడు నాలుగు డీబీ దాటకపోతే మంచిది. ఇంకా కావాలంటే లిమిటర్‌ని తోయకుండా, ముందున్న క్లిప్పర్‌తో ఒక డీబీ తీసుకోండి. రిలీజ్ (నొక్కాక వదిలే వేగం) మరీ వేగంగా పెడితే బేస్ గరగరలాడుతుంది, మరీ నెమ్మదిగా పెడితే గొంతు ఊగుతుంది. పాట వేగాన్ని బట్టి మధ్యలో వెతుక్కోవాలి. కొన్ని లిమిటర్లలో కోసేసిన భాగాన్ని మాత్రమే వినిపించే బటన్ ఉంటుంది. అందులో డప్పు టక్కులు వినిపిస్తే సరే. పాట పదాలు అర్థమయ్యేంతగా గొంతు వినిపిస్తుంటే ఎక్కువైపోయినట్టే.

అడుగు 5: ఇప్పుడు అంకె చూడండి

ఇంతదాకా చెవితో చేసి, ఇప్పుడు మీటర్ వైపు తిరగండి. డీజే బాక్సుల మీద కూడా మోగాల్సిన డప్పు పాట అయితే ఇంటిగ్రేటెడ్ మైనస్ 10 నుంచి మైనస్ 9 దగ్గర ఆగడం నాకు సబబనిపిస్తుంది. గిటార్, ఫ్లూట్‌తో సాగే మెలొడీకి మైనస్ 12, మైనస్ 11. వీణ, వయొలిన్, మృదంగంతో ఉన్న కీర్తనకి మైనస్ 16 నుంచి మైనస్ 14 చాలు, దానిమీద లిమిటర్ వెలగకపోయినా తప్పులేదు. ఇవి రూల్స్ కావు. మీ మాస్టర్ బాగా వినిపిస్తూ మైనస్ 11 దగ్గర ఆగితే అదే దాని చోటు. మైనస్ 9కి రాలేదని టెన్షన్ పడి తోయకండి. రావాల్సిందే అనుకుంటే అడుగు 2కి వెళ్ళండి.

ఆల్బమ్ అయితే అన్ని పాటలకీ ఒకే అంకె పెట్టడం తప్పు. గొంతు ఒక పాట నుంచి ఇంకో పాటకి ఒకే స్థాయిలో వినిపించేలా సర్దండి. మెల్లటి పాట అంకె రెండు మూడు యూనిట్లు తక్కువ వస్తుంది, రానివ్వండి. ఆల్బమ్‌ని వరుసగా వింటున్నప్పుడు స్పాటిఫై కూడా ఆ తేడాని అలాగే ఉంచుతుంది.

అడుగు 6: ట్రూ పీక్, ఫైల్ కుదింపు

మీటర్‌లో కనిపించే శాంపిల్స్ అన్నీ సున్నా లోపే ఉన్నా, స్పీకర్‌కి వెళ్ళే ముందు రెండు శాంపిల్స్ మధ్య తరంగం పైకి లేచి కప్పు దాటొచ్చు. ట్రూ పీక్ మీటర్ పట్టేది దీన్నే. పైగా ఏఏసీ, ఎంపీత్రీ, ఆగ్ లాంటి వాటిలోకి కుదించినప్పుడు పీక్ ఇంకాస్త పెరుగుతుంది. ఎంత నలిపితే అంత ఎక్కువ పెరుగుతుంది. అందుకే మైనస్ 1 వదలడం. మైనస్ 14 కంటే గట్టి మాస్టర్ అయితే మైనస్ 2 వదలమని స్పాటిఫై చెబుతుంది.

నమ్మకం కోసం ఫైల్‌ని 128 కేబీపీఎస్ ఎంపీత్రీ చేసి, మళ్ళీ ప్రాజెక్ట్‌లోకి తెచ్చి ట్రూ పీక్ చూడండి. సున్నా దాటితే సీలింగ్ అర డీబీ దించండి. ఇయర్‌ఫోన్స్‌లో తాళాల చప్పుడు నీళ్ళలో ఉన్నట్టు వస్తుందేమో కూడా వినండి.

అడుగు 7: ఫైల్ బయటికి పంపడం

పాటని స్ట్రీమింగ్ కంపెనీలకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి వేవ్ ఫైల్, 24 బిట్ తీసుకుంటే 24. 16 బిట్ అడిగితేనే తగ్గించండి. అప్పుడు డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి నాయిస్) చిట్టచివర, ఒక్కసారే వేయాలి. ఎంపీత్రీ నుంచి వేవ్ చేసి పంపే పని మాత్రం చేయకండి.

యూట్యూబ్‌కి వెళ్ళే పాటలు ఎక్కువగా పాడయ్యేది వీడియో ఎడిటింగ్ దగ్గర. ఎడిటర్‌కి సౌండ్ తక్కువ అనిపించి ఆడియో ట్రాక్‌ని నాలుగు డీబీ పెంచేస్తాడు, అంతా క్లిప్ అయిపోతుంది. ఫైల్‌తో పాటు ఒక ముక్క రాసి పంపండి: ఆడియో గెయిన్ సున్నా దగ్గరే ఉంచాలి, నార్మలైజ్ వేయకూడదు, ఎక్స్‌పోర్ట్ 48 కిలోహెర్ట్జ్, ఏఏసీ 384 కేబీపీఎస్. వీడియో ఫైల్ తిరిగొచ్చాక దాని ఆడియోని మీ మాస్టర్‌తో మీటర్‌లో పోల్చి చూశాకే అప్‌లోడ్‌కి ఒప్పుకోండి.

అప్‌లోడ్ అయ్యాక కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' తెరవండి. వాల్యూమ్ వరుసలో "కంటెంట్ లౌడ్‌నెస్" అని ఉంటుంది. అక్కడ 4 డీబీ అని ఉంటే, మీ పాట యూట్యూబ్ స్థాయి కంటే అంత ఎక్కువ, దాన్ని 63 శాతానికి తగ్గించి వినిపిస్తున్నారని అర్థం. 6 డీబీ ఉంటే 50 శాతం. మైనస్ అంకె ఉంటే తగ్గించలేదు, పెంచనూ లేదు. క్లయింట్ ఫోన్ చేసినప్పుడు ఈ స్క్రీన్‌షాట్, పోటీ పాటది ఇంకొకటి పక్కపక్కన పెట్టి పంపండి. చాలాసార్లు అక్కడితో మాట ఆగిపోతుంది.

క్లయింట్‌కి వాట్సాప్‌లో వినడానికి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గానే పంపండి. మిక్స్ దశలో ఉన్న పాట అయితే మెల్లటి ఫైల్ పంపి తిట్లు తినకండి. వినడానికి మాత్రమే అని పేరులో రాసి, లిమిటర్ వేసిన కాపీ పంపండి. ఆ కాపీనే ఎవరో అప్‌లోడ్ చేసేయకుండా మధ్యలో ఒక చోట చిన్న బీప్ పెట్టేవాళ్ళూ ఉన్నారు, తప్పేం లేదు.

చివరగా మీ హార్డ్‌డిస్క్‌లో ప్రతి పాటకీ విడివిడి ట్రాకులతో పాటు మూడు ఫైల్స్ ఉంచుకోండి: లిమిటర్ లేని 24 బిట్ మిక్స్, స్ట్రీమింగ్ మాస్టర్, గొంతు లేని ట్రాక్. పేరులో తేదీ, లఫ్స్ అంకె రాయండి. రేపు విదేశీ ఛానల్ ఏదైనా మైనస్ 23 అడిగినా, డాల్బీ అట్మాస్ (చుట్టూ వినిపించే సౌండ్) కోసం ఆపిల్ పెట్టిన మైనస్ 18 హద్దులో మళ్ళీ మిక్స్ చేయాల్సి వచ్చినా, నలిగిన మాస్టర్ నుంచి పోయిన దెబ్బని వెనక్కి తేలేం. లిమిటర్ లేని మిక్స్, విడివిడి ట్రాకులు ఉంటే ఆ పని ఒక పూటలో అయిపోతుంది.